ఏ శ్రీనివాసరావు గారండీ? ఒకే పేరున్న వాళ్ల వృత్తి రికార్డులను విడదీసి చదవడం

మూడేళ్ల కిందట మా తమ్ముడికి ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. నోటీసు పీరియడ్ కూడా సగం గడిచిపోయింది. అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. "మీ పేరు మీద ఒక చెక్ బౌన్స్ కేసు పెండింగ్‌లో ఉందండీ. ఫారంలో ఎందుకు రాయలేదు?" అన్నారు. వాడు జీవితంలో ఎవరికీ చెక్కు రాసి ఇచ్చినవాడు కాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "నాకు చెప్పకుండా ఎవరికైనా హామీ సంతకం పెట్టావురా?" అని అమ్మ మళ్లీ మళ్లీ అడిగింది. కన్నతల్లికే అనుమానం వచ్చిందన్న బాధ వాడికి ఉద్యోగం టెన్షన్ కంటే ఎక్కువైంది.

మర్నాడు కేసు వివరాలు తీసి చూశాం. నిందితుడి పేరు పొల్లుపోకుండా మావాడి పేరే. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా అదే. కోర్టు మాత్రం మేం ఎప్పుడూ కాలు పెట్టని జిల్లాలో ఉంది. ఒక లాయరు గారిని పట్టుకుని ఫిర్యాదు కాపీ తెప్పించాం. అందులో తండ్రి పేరు వేరు. వయసు మావాడి కంటే ఇరవై రెండేళ్లు ఎక్కువ. ఆ ఒక్క లైను మా చేతికి రావడానికి, అవతలివాళ్లు దాన్ని చదివి ఒప్పుకోవడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఎవరి రికార్డు చూసినా ముందు నా నోటికి వచ్చేది మన ఊళ్లలో పెద్దవాళ్లు అడిగే ప్రశ్నే. ఎవరైనా "శ్రీనివాసరావు గారు పోయారట" అంటే వెంటనే "ఏ శ్రీనివాసరావు గారండీ?" అంటారు కదా, అది. ఫోన్ తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం మనం ఆ ప్రశ్న మర్చిపోతున్నాం.

డాక్టర్ల రిజిస్ట్రేషన్లు, లాయర్ల ఎన్‌రోల్‌మెంట్లు, ఆడిటర్ల సభ్యత్వాలు, కంపెనీ డైరెక్టర్ల వివరాలు, కోర్టు కేసులు ఒకప్పుడు ఆఫీసు బీరువాల్లో ఉండేవి. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. జనానికి ఇది నిజంగా మేలు చేసే విషయం, ఎంత ఎక్కువమంది చూస్తే అంత మంచిది. అయితే వీటిలో చాలావరకు మనం పేరు కొట్టి వెతుకుతాం. వెతకడం పేరుతో మొదలుపెట్టొచ్చు, కానీ పేరు కలిసిన చోటే ఆగిపోతే మనకు దొరికింది ఎవరో మనకే తెలియదు.

మన పేర్లు ఎందుకు కలిసిపోతాయి

తెలుగువాళ్లకు ఈ చిక్కు ఎక్కువే. కారణాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. ఇంటిపేర్లకు మనకు కొదవ లేదు. కానీ రాతలోకి వచ్చేసరికి వాటిని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. కొండపల్లి, కోనేరు, కొల్లి, కాకర్ల, కంచర్ల, కోట, కుందుర్తి, ఇన్ని ఇళ్లవాళ్లూ రికార్డులో ఒకే 'కె.' అయిపోతారు. ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి విడదీసే ముక్కను మనమే చెరిపేసి, ఊరందరికీ ఉండే శ్రీనివాసరావు, వెంకటేశ్వర్లు, సత్యనారాయణ, లక్ష్మి అన్న ముక్కను మాత్రం పూర్తిగా రాస్తాం.

దాని మీద తాత పేరు పెట్టే ఆచారం ఒకటి. ఒక ఇంట్లో నలుగురు అన్నదమ్ములు ఉంటే, నలుగురూ తమ పెద్దకొడుకుకి తండ్రి పేరే పెట్టుకుంటారు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే, ఒక్కోసారి వయసు కూడా ఏడాది అటూ ఇటూ. మా అమ్మమ్మ గారి ఊళ్లో అలాంటి సుబ్బారావులు నలుగురు ఉండేవారు. ఊరు వాళ్లను ఎప్పుడూ కలగలిపేయలేదు. పెద సుబ్బారావు, చిన సుబ్బారావు, కిరాణాకొట్టు సుబ్బారావు, చెరువుగట్టు సుబ్బారావు. పోస్ట్‌మ్యాన్ కూడా ఉత్తరం మీద ఊరి పేరు చూసి ఊరుకునేవాడు కాదు, "ఎవరి అబ్బాయికి?" అని అడిగి ఇచ్చేవాడు. పేరు పక్కన ఇంకొక్క నిజం చేరిస్తే చాలు, మనిషి విడిగా కనిపిస్తాడు. ఆ కిరాణాకొట్టు చేసిన పనే ఇవాళ రికార్డుల్లో రిజిస్ట్రేషన్ నంబరు చేస్తోంది.

ఇంగ్లీషు స్పెల్లింగుల వల్ల దీనికి తలకిందుల చిక్కు కూడా ఉంది. అక్కడ ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. లక్ష్మిని కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు, ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు. శ్రీనివాస్‌లో ఒకరు ఒక ఐ పెడితే ఇంకొకరు రెండు ఈలు పెడతారు. వెంకటేశ్వర్లులో హెచ్ ఉందో లేదో రాసిన గుమాస్తాకే తెలియాలి. పదో తరగతి ఫారం నింపిన రోజు మాస్టారు ఎలా రాస్తే టెన్త్ మెమోలో అలా పడుతుంది. తర్వాత ఇంటర్, డిగ్రీ, పాన్ కార్డు, పాస్‌పోర్టు అన్నీ ఆ మెమో వెనకే నడవాలి. ఎక్కడో ఒకచోట నడవవు. ఆడవాళ్లకైతే పెళ్లి తర్వాత ఇంకో మలుపు. ఎంబీబీఎస్ పట్టాలో పుట్టింటి ఇంటిపేరు, క్లినిక్ బోర్డు మీద అత్తింటి ఇంటిపేరు. బోర్డు మీది పేరు కొట్టి వెతికినవాళ్లకు రికార్డులో ఎవరూ దొరకరు. "ఈవిడకు రిజిస్ట్రేషనే లేదు" అనేసుకుంటారు. ఇరవై ఏళ్లు చదివి, వైద్యం చేసిన మనిషి గురించి ఇంత తేలిగ్గా అనుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

డాక్టరు గారి రికార్డు చూసే పద్ధతి

ఎక్కువమందికి అవసరమయ్యేది ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం. మన దేశంలో అల్లోపతీ డాక్టర్లు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదవుతారు. ఆ పేర్లన్నీ దేశం మొత్తానికి ఉన్న ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లోకి చేరతాయి. పాత మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా స్థానంలో 2020 సెప్టెంబరు 25 నుంచి పనిచేస్తున్న నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆ రిజిస్టర్‌ను ఎవరైనా చూడొచ్చు. అందులో 13 లక్షలకు పైగా పేర్లున్నాయి.

ఒకసారి అమ్మ మోకాళ్ల నొప్పికి వెళ్లిన డాక్టరు గారి పేరు అందులో కొట్టాను. పేరు బాగా వాడుకలో ఉన్నదే. పేజీల కొద్దీ వరసలు వచ్చాయి. ప్రతి వరసలో రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రాష్ట్ర కౌన్సిల్, డాక్టరు పేరు, తండ్రి పేరు, పక్కన పూర్తి వివరాలు తెరిచే మీట. తెరిస్తే ఏ డిగ్రీ, ఏ సంవత్సరం, ఏ యూనివర్సిటీ, నమోదు తేదీ కనిపిస్తాయి. ఆ వరసల్లో మా డాక్టరు గారు ఎవరో పేరును బట్టి చెప్పడం ఎవరి వల్లా కాదు. అప్పుడు ప్రిస్క్రిప్షన్ తీసి చూశాను. పైన కుడిపక్కన, డిగ్రీల కింద, చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంది. ఆ నంబరు, కౌన్సిల్ పేరు రెండూ ఇచ్చి వెతికితే ఒక్క వరసే వచ్చింది. డిగ్రీ సంవత్సరం ఆయన వయసుకు సరిపోయింది. కాలేజీ పేరు గోడ మీద ఫ్రేము కట్టించుకున్న పట్టాతో సరిపోయింది.

ఆ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉండడం డాక్టరు గారి మర్యాద మీద ఆధారపడిన విషయం కాదు. 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం ప్రతి డాక్టరూ తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో అందరికీ కనపడేలా పెట్టాలి. రాసిచ్చే మందుల చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బుల రసీదు మీద వేయాలి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు, చీటీ తిప్పి చూసుకుంటే చాలు. లేకపోతే అడగండి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ నంబరు దేశం మొత్తానికి ఒకటే వరస కాదు. ఏ రాష్ట్ర కౌన్సిల్ వరస దానిదే. ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో ఒక నంబరు ఒకరిదైతే, అదే నంబరు కర్ణాటకలో ఇంకొకరిది కావచ్చు. అందుకే నంబరు ఒక్కటే చాలదు, కౌన్సిల్ పేరు జత కావాలి. మన రెండు రాష్ట్రాల వాళ్లకు ఇంకో మడత కూడా ఉంది. 2014 జూన్ 2కు ముందు నమోదైన వాళ్లంతా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ వాళ్లే. తర్వాత తెలంగాణకు వేరే కౌన్సిల్ వచ్చింది. కాబట్టి హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఒక పెద్దాయనకు ఏపీ నంబరు ఒకటి, తెలంగాణ నంబరు ఒకటి ఉండొచ్చు. రెండు వరసలు కనపడగానే ఇద్దరు డాక్టర్లనో, ఏదో మోసమనో అనుకోకూడదు. తండ్రి పేరు, డిగ్రీ సంవత్సరం, యూనివర్సిటీ మూడూ కలిస్తే ఆ ఇద్దరూ ఒక్కరే.

పేరు దొరక్కపోవడం కూడా నేరం కాదు. హోమియో, ఆయుర్వేదం, దంత వైద్యం వాళ్లకు వేరే కౌన్సిళ్లు, వేరే రిజిస్టర్లు ఉన్నాయి. అల్లోపతీ రిజిస్టర్‌లో పళ్ల డాక్టరు గారిని వెతికితే దొరకరు. పీహెచ్‌డీ చేసిన డాక్టరు గారు అసలు ఏ వైద్య రిజిస్టర్‌లోనూ ఉండరు. ఇక స్పెల్లింగు సంగతి చెప్పుకున్నాం. కాబట్టి "లేరు" అని తేల్చే ముందు నంబరుతో, తర్వాత పేరులో సగం ముక్కతో వెతకాలి. అప్పటికీ లేకపోతే రాష్ట్ర కౌన్సిల్‌కే రాయాలి. 2024 ఆగస్టులో ఆధార్‌కు ముడిపెట్టిన నేషనల్ మెడికల్ రిజిస్టర్ పోర్టల్ మొదలైంది. ప్రతి డాక్టరుకూ దేశం మొత్తానికి చెల్లే ఒకే గుర్తింపు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. అది పూర్తయితే ఈ కౌన్సిళ్ల మడత చాలావరకు విడిపోతుంది.

నంబరు అరువు తెచ్చుకున్నప్పుడు

ఇంతవరకు ఒకే పేరున్న మంచివాళ్ల మధ్య గందరగోళం గురించి చెప్పాను. పేరు కలవడాన్ని కావాలని వాడుకునేవాళ్లు కూడా ఉంటారు. తన పేరే ఉన్న అసలు డాక్టరు నంబరు తీసుకుని, తన బోర్డు మీద వేసుకుని కూర్చుంటే, నంబరు కొట్టి చూసినవాళ్లకు రికార్డు సరిగ్గానే కనిపిస్తుంది. పేరు కలుస్తుంది, నంబరు కలుస్తుంది. రికార్డు చెప్పేది ఆ పేరుతో, ఆ నంబరుతో ఒక డాక్టరు ఉన్నాడని మాత్రమే. మీ ముందు కుర్చీలో కూర్చున్నది ఆయనేనని అది చెప్పదు.

అందుకే మూడో గుర్తు కావాలి. రికార్డులో 1984లో డిగ్రీ అయిందని ఉండి, ఎదురుగా ముప్పై ఏళ్ల కుర్రాడు ఉంటే అక్కడ ఆగాలి. రికార్డులో ఎంబీబీఎస్ ఒక్కటే ఉండి, బోర్డు మీద గుండె వైద్య నిపుణులు అని ఉంటే అడగాలి. పీజీ అయ్యాక ఆ డిగ్రీని నమోదు చేయించుకోవడం ఆలస్యం చేసే డాక్టర్లు ఉంటారు, కాబట్టి అడిగేది నింద వేయడానికి కాదు, తెలుసుకోవడానికి. నిజంగా నమోదు లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇందులో మోసపోయేది రోగి ఒక్కడే అనుకుంటాం. ఎక్కడో తన పనిలో తానుండే ఆ అసలు డాక్టరుకు కూడా అన్యాయం జరుగుతోంది. ఆయన నంబరు మీద ఎవరో తప్పుడు మందులు రాస్తున్నారు.

ఆడిటర్ల సంఘం ఈ చిక్కుకు మంచి మందు కనిపెట్టింది. చార్టర్డ్ అకౌంటెంట్లు కానివాళ్లు ఆ పేరుతో సంతకాలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్నారని తేలాక, యూడీఐఎన్ అనే పద్ధతి తెచ్చారు. 2019 జులై 1 నుంచి ఆడిటర్లు ధ్రువీకరించే అన్ని రకాల కాగితాలకూ ఇది తప్పనిసరి అయింది. మొత్తం 18 అక్షరాలు, అంకెలు. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి ఆరూ ఆ ఆడిటరు సభ్యత్వ నంబరు, మిగతా పదీ ఆ కాగితానికే ప్రత్యేకం. బ్యాంకు వాళ్లయినా, మీరైనా ఆ పోర్టల్లో కొట్టి ఆ కాగితం నిజంగా ఆయన ఇచ్చిందేనా అని చూసుకోవచ్చు. ఇక్కడ గుర్తింపు మనిషి దగ్గర ఆగకుండా మనిషి పెట్టిన ప్రతి సంతకానికీ పాకింది. మెడికల్ సర్టిఫికెట్లకు కూడా ఇలాంటిది ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

లాయర్లు, డైరెక్టర్లు

లాయర్ల సంగతి డాక్టర్లకు దగ్గరగానే ఉంటుంది. 1961 అడ్వకేట్స్ చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో పేరు ఎక్కుతుంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరులో రాష్ట్రం గుర్తు, వరస నంబరు, సంవత్సరం మూడూ ఉంటాయి. సంవత్సరం నంబరులోనే ఉండడం పెద్ద సాయం. ఒకే పేరున్న సీనియర్, జూనియర్ అక్కడే విడిపోతారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో లాయరు కేసులు చూడాలన్నా పేరుతో కాకుండా బార్ నంబరుతో వెతికే వీలుంది. రాష్ట్రం గుర్తు చూసి మాత్రం పొరబడకండి. పాత నంబరులో ఏపీ అని ఉన్న లాయరు ఇవాళ తెలంగాణ హైకోర్టులో వాదిస్తూ ఉండొచ్చు.

కంపెనీ డైరెక్టర్ల పద్ధతి నాకు అన్నిటికంటే శుభ్రంగా కనిపిస్తుంది. ప్రతి డైరెక్టరుకూ డిన్ అనే ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది. ఒక మనిషికి ఒకటే ఉండాలని, రెండోది తీసుకోకూడదని కంపెనీల చట్టం 155వ సెక్షన్ చెబుతుంది. ఎన్ని కంపెనీలు మారినా, రాష్ట్రం మారినా అదే. 2017లో కేంద్రం లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లను మూడు లక్షల మందికి పైగా అనర్హులుగా ప్రకటించి జాబితాలు బయట పెట్టింది. అంత పెద్ద జాబితాలో మన పేర్లు ఎన్నెన్నిసార్లు వచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చు. పేరు చూసి గుండె ఆగినంత పనైనవాళ్లకు పక్కనున్న డిన్ అంకెలే ధైర్యమిచ్చాయి.

కోర్టు రికార్డులో ఇంత శుభ్రం లేదు

మా తమ్ముడు చిక్కుకుంది ఇక్కడే కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను. కోర్టు కేసుకు నంబరు ఉంటుంది, మనిషికి ఉండదు. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే 16 అక్షరాల నంబరు ఇస్తారు. దానితో ఏ కోర్టు, ఏ సంవత్సరం, ఏ కేసు అన్నది ఖాయంగా తెలుస్తుంది. కానీ అందులో ఉన్న కక్షిదారుడు పేరు మాత్రమే. పేరుతో వెతికితే వచ్చే వరసలో ఫలానా వర్సెస్ ఫలానా అని ఉంటుంది తప్ప తండ్రి పేరు, వయసు కనపడవు. అవి ఫిర్యాదులోనో, ఎఫ్‌ఐఆర్‌లోనో ఉంటాయి. వెరిఫికేషన్ చేసేవాళ్లు రోజుకు ఎన్నో పేర్లు చూడాలి. వరస దగ్గరే ఆగి "మ్యాచ్ దొరికింది" అని రాసేస్తే వాళ్ల పని అయిపోయినట్టే. ఆ మ్యాచ్ తనది కాదని నిరూపించుకునే భారం ఏ పాపం తెలియని మనిషి మీద పడుతుంది.

నాకు ఇందులో అన్యాయంగా తోచేది ఈ భారం తిరగబడడమే. రికార్డు నీదని అనేవాడు రెండో గుర్తు చూపించాలి. తండ్రి పేరో, పుట్టిన సంవత్సరమో, చిరునామానో, పోలీస్ స్టేషనో, ఏదో ఒకటి కలవాలి. పేరు ఒక్కటే కలిస్తే దాన్ని మ్యాచ్ అనకూడదు, వెతకాల్సిన చోటు అనాలి. మీకు ఇలాంటి ఫోన్ వస్తే ముందు సీఎన్‌ఆర్ నంబరు అడగండి. అది లేకుండా మాట్లాడడం వల్ల లాభం లేదు. నంబరు తెలిశాక కేసు పేజీలో కోర్టు ఊరు, ఎఫ్‌ఐఆర్ ఉంటే పోలీస్ స్టేషన్ కనిపిస్తాయి. చెక్ బౌన్స్ లాంటి ప్రైవేటు ఫిర్యాదులకు ఎఫ్‌ఐఆర్ ఉండదు కాబట్టి కోర్టు నుంచి కాపీకి దరఖాస్తు పెట్టాలి. కాపీ వచ్చాక దాన్ని, మీ ఆధార్‌లోనో టెన్త్ మెమోలోనో ఉన్న తండ్రి పేరును పక్కపక్కన పెట్టి రాతపూర్వకంగా పంపండి. ఫోన్లో ఎంత మొత్తుకున్నా ఫైలు కదలదు.

ఒకవేళ కేసు నిజంగా ఆ మనిషిదే అయినా, పెండింగ్ అంటే నేరం రుజువైందని కాదు. ఇది విడిగా చెప్పాల్సిన మాటే, కానీ ఇక్కడ చెప్పకపోతే అసంపూర్తిగా ఉంటుంది.

సైంటిస్టుల పేర్లు, పైదేశాల్లో మన పేర్లు

పేరు కలవడం వల్ల ఎప్పుడూ చెడ్డపేరే రావాలని లేదు, మంచిపేరు కూడా తప్పిపోతుంది. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదువుకుని, 1945లో చేసిన పనితో గణాంకశాస్త్రంలో నిలిచిపోయిన మనిషి. ఆయన ఇంటిపేరు కల్యంపూడి. ప్రపంచం ఆయన సిద్ధాంతానికి పెట్టుకున్న పేరు క్రామర్–రావ్. లక్షల మంది పేర్ల చివర ఉండే తోక ఆయన ఇంటిపేరైపోయింది. ఇంకోపక్క కర్ణాటక నుంచి రసాయనశాస్త్రంలో సి.ఎన్.ఆర్. రావు గారు, భారతరత్న అందుకున్నాయన. సి.ఆర్. రావు, సి.ఎన్.ఆర్. రావు: మధ్యలో ఒక్క ఎన్ తేడా. ఇద్దరి శాస్త్రాలూ వేరు. అయినా ఇద్దరినీ ఒకరిగా మాట్లాడేవాళ్లు నాకు ఎదురయ్యారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతీ అంతే. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన కనిపెట్టిన భాస్వరం కొలిచే పద్ధతిని ఫిస్క్–సుబ్బారో పద్ధతి అనే పిలుస్తారు. ఎల్లాప్రగడ అన్న ఇంటిపేరు ఆ పద్ధతిలో ఎక్కడా వినపడదు. అది వాడే పిల్లల్లో ఎంతమందికి సుబ్బారో మన భీమవరం సుబ్బారావేనని తెలుసో!

ఇంతటి పెద్దలకే ఇలా అయితే, ఇవాళ ఏటా పేపర్లు రాసే రావులు, రెడ్డులు, కుమార్‌ల సంగతి చెప్పేదేముంది. అందుకే 2012 అక్టోబరులో ఓర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు వచ్చింది. పరిశోధకులు ఉచితంగా తీసుకోవచ్చు. ఇంటిపేరు ముందు రాసినా వెనక రాసినా, పెళ్లయ్యాక మార్చుకున్నా, పేపర్లన్నీ ఒకే మనిషి కింద ఉంటాయి. పీహెచ్‌డీలో చేరిన రోజే తీసుకోమని తెలిసిన పిల్లలందరికీ చెబుతుంటాను. పది పేపర్లు అయ్యాక విడదీయడం చాలా కష్టం.

అమెరికాకు వెళ్లినవాళ్లకు పాస్‌పోర్టులోనే చిక్కు మొదలవుతుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరంతా ఒకే గడిలో రాయించుకున్న పిల్లలకు వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరుగా పడి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది. పేరు తెలియదు అని దాని అర్థం. నాన్న, తాత, అమ్మమ్మ కలిసి కూర్చుని పెట్టుకున్న పేరుకు అలాంటి ముద్ర పడడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. అది డ్రైవింగ్ లైసెన్సు మీదికి, అక్కడి నుంచి ఉద్యోగం కాగితాల మీదికి పాకుతుంది.

అక్కడ డాక్టర్లకు ఎన్‌పీఐ అనే పది అంకెల నంబరు ఉంటుంది. ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అందులో పేరు, ప్రాక్టీసు చిరునామా, ఏ విభాగం అన్నవి కనిపిస్తాయి కాబట్టి ఒకే పేరున్న ఇద్దరు రెడ్డి గార్లను విడదీయడం తేలిక. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఎన్‌పీఐ ఉన్నంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు. లైసెన్సు ఇచ్చేది ఆ రాష్ట్రపు మెడికల్ బోర్డు, క్రమశిక్షణ చర్యల వివరాలు ఉండేదీ అక్కడే. ఒక డాక్టరు మీద చర్య తీసుకున్నారని ఎక్కడైనా చదివితే, ఆ బోర్డు పేజీలో లైసెన్స్ నంబరు చూసే వరకు ఏ మాటా అనుకోకపోవడం మంచిది.

ఎంత చూపించాలి, ఎంత దాచాలి

తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం, చిరునామా అన్నీ అందరికీ కనపడేలా పెడితే మనుషులు చక్కగా విడిపోతారు కదా అనిపిస్తుంది. కానీ అవే వివరాలు మోసగాళ్లకు తాళంచెవులు. బ్యాంకు పేరుతో ఫోన్ చేసేవాడికి కావాల్సింది అవే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, చట్టం ప్రకారం తప్పనిసరిగా బయటపెట్టిన వివరాలను తన పరిధిలోంచి తప్పించింది. అంటే రిజిస్టర్‌లో ఏమేమి ఉండాలో నిర్ణయించేటప్పుడే జాగ్రత్త పడాలి, తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం. నా మటుకు నాకు రిజిస్ట్రేషన్ నంబరు, కౌన్సిల్, డిగ్రీ, సంవత్సరం, ఊరు ఉంటే చాలనిపిస్తుంది. ఫొటో ఉంటే ఇంకా మేలు. ఒకే పేరున్న అభ్యర్థుల వల్ల ఓటర్లు పొరబడుతున్నారని ఎన్నికల సంఘం 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీద ఫొటోలు పెట్టిస్తోంది. ఒక్క ఓటుకే ముఖం చూపించాలనుకున్నప్పుడు, మన ఒంటి మీద కత్తి పెట్టే మనిషి ముఖం రిజిస్టర్‌లో ఉండడం ఎక్కువేమీ కాదు. ఇంటి చిరునామా మాత్రం అక్కర్లేదు.

ఇంకో మాట వార్తలు రాసేవాళ్లకు. ఒక డాక్టరునో, లాయరునో అరెస్టు చేశారని రాసేటప్పుడు పేరు, వృత్తి రాసి వదిలేస్తే, ఆ ఊళ్లో ఆ పేరున్న ప్రతి డాక్టరు ఫోనూ మోగుతుంది. వయసు, క్లినిక్ ఉన్న వీధి, వీలైతే రిజిస్ట్రేషన్ నంబరు రాయండి. ఒక్క లైను ఎక్కువవుతుంది, అంతే. ఇప్పుడు ఏఐకి ప్రశ్న వేసి సమాధానం తెచ్చుకునే రోజులు వచ్చాయి. అలాంటి సాధనాలు ఒకే పేరున్న ఇద్దరి వివరాలను కలిపి ఒకే పేరాగా నున్నగా రాసేయగలవు. అతుకు ఎక్కడుందో కూడా కనపడదు. ఒక సర్జన్ డిగ్రీలకు ఇంకో ఊరి డాక్టరు కేసు అతుక్కుపోయినా చదివేవాడికి తేడా తెలియదు. అక్కడ కూడా నంబరు అడగాలి, అది లేకపోతే అసలు రిజిస్టర్ దగ్గరికి వెళ్లాలి.

మా తమ్ముడు ఈ ఏడాది మళ్లీ ఉద్యోగం మారాడు. ఆ చెక్ బౌన్స్ కేసు ఇంకా నడుస్తూనే ఉంది, ఆ పేరుతో వెతికితే ఇప్పటికీ మొదటి పేజీలోనే వస్తుంది. ఈసారి వెరిఫికేషన్ ఫారంలో ఇతర వివరాలు అన్న గడిలో వాడే ముందుగా సీఎన్‌ఆర్ నంబరు వేశాడు. కింద రెండు లైన్లు రాశాడు: "ఈ కేసులో ఉన్న వ్యక్తిది నా పేరే, నేను కాదు. ఆయన తండ్రి పేరు వేరు, ఫిర్యాదు కాపీ జత చేశాను." వాళ్ల నుంచి ఫోన్ రాలేదు. వారం తిరక్కుండా జాయినింగ్ లెటర్ వచ్చింది.